యాత్ర ఎవరిది?

భగవంతుడు సర్వవ్యాపి. ఇంటి పూజాపీఠముననున్న సాలగ్రామమునందును ఆయన పూర్ణుడై యున్నాడు. అట్లయిన దూరపు కొండలకు శ్రమపడి నడచిపోవుట యెందుకు? నడచుటవలన పుణ్యము కలుగునని పెద్దలు చెప్పుదురు. ఆ పుణ్యము ఎవరికి కలుగునన్న ప్రశ్న నాకు ముక్తినాథ మార్గమున ఎదురైనది.

ముక్తినాథ క్షేత్రము నేపాల దేశమున, ముస్తాంగ్ జిల్లాలో, సుమారు 3,700 మీటర్ల యెత్తున కలదు. ఆళ్వారుల మంగళాశాసనమునందిన 108 దివ్యదేశములలో సాలగ్రామ క్షేత్రముగా శ్రీవైష్ణవులు దీనిని సేవింతురు. క్రింద కాళీగండకీ తీరమున, సుమారు 2,800 మీటర్ల యెత్తున, పితృకార్యములకు ప్రసిద్ధమైన కాగ్‌బేని గ్రామము ఉన్నది. అక్కడినుండి ఖింగర్, ఝార్‌కోట్ గ్రామముల మీదుగా రాణీపౌవా చేరి, ఆపైన ఆలయమునకు ఎక్కవలెను. నేడు రాణీపౌవా వరకు జీపులు పోవుచున్నవి. అయినను మేము దంపతులము నడచియే పోదలచితిమి. మూటలు మోయుటకు ఒక కూలివానిని కుదుర్చుకొంటిమి. కూలి విషయమున నేను కొంత బేరమాడితిని కూడ.

పగలు ఆ లోయలో పెనుగాలి వీచును గనుక తెల్లవారుజామున బయలుదేరితిమి. చెట్టుచేమలు లేని కొండలు. నడుమ నడుమ యవల పొలములు, ఆపిల్ తోటలు. మట్టి మిద్దెలపై వరుసగా పేర్చిన వంటచెరకు. ఖింగర్ దగ్గర ఒక జీపు దుమ్ము రేపుచు మమ్ము దాటిపోయినది. "పాపము, వీరికి నడచిన ఫలము దక్కదు గదా!" అంటిని. నా భార్య వెనుకకు చూచి, "ఏమండీ, మనము నడచుచున్నాము సరే. మన బరువు ఎవరి వీపున నడచుచున్నది?" అనెను.

వెనుక అతడు నుదుటికి పట్టీ తగిలించుకొని, వీపున వెదురుబుట్టతో వంగి వచ్చుచుండెను. అందులో మా దుప్పట్లు, బియ్యము, ఇత్తడి గిన్నెలు, నా పారాయణ గ్రంథములు ఉన్నవి.

ఝార్‌కోట్ దాటిన పిమ్మట ఊపిరి చాలక పది అడుగులకొకసారి నిలువవలసివచ్చినది. నిలిచినప్పుడెల్ల ఆ మాటయే మనస్సున మెదలినది. కూలి ఇచ్చుచున్నాము గనుక ఋణము తీరినదందుమా? కూలి శ్రమకు వెల. పుణ్యమునకు వెల కట్టినవారెవరు? పోనీ, పుణ్యమంతయు అతనిదే యందుమా? అతడు దానిని కోరనే లేదు.

భగవద్రామానుజులు గీతాభాష్యమున, పదునెనిమిదవ అధ్యాయములో, మూడు త్యాగములను వివరించిరి: ఫలము నాకని తలపకుండుట, కర్మ నాదని తలపకుండుట, చేయువాడను నేనని తలపకుండుట. చిన్ననాటినుండి విన్న మాటలే. అయినను "నేను నడచితిని, ఇది నా యాత్ర, దీని పుణ్యము నాకు" అని మూడింటిని ఒక్క ఉదయముననే తప్పితిని. నడచుట తప్పు కాదు. నడకను సొమ్మువలె లెక్కించుకొనుటయే తప్పు.

మన సంప్రదాయమున మోయువాడు తక్కువవాడు కాడు. స్వామిని ఆదిశేషుడు మోయును, గరుత్మంతుడు మోయును. ఉత్సవములలో వాహనము మోయువారిని చూచి మనము చేతులు జోడింతుము. 1944లో ఘాట్ రోడ్డు ఏర్పడక మునుపు నడువలేనివారు డోలీలలో తిరుమల చేరెడివారు. ఆ డోలీలు మోసినవారిని తలచువారెవరు? స్వామిని మోసిన కైంకర్యమందుము. స్వామి చెంతకు పోవువాని మూటను మోసిన కూలి యందుము. శేషత్వమెరిగినవారికి ఇది తగునా?

ఆలయము వెనుక అర్ధచంద్రాకారమున 108 ధారలు మంచువలె చల్లని నీటితో పడుచున్నవి. మేము స్నానమాడి, స్వామిని సేవించి వచ్చుసరికి అతడు ప్రాకారము వెలుపల మూటలకు కాపలా కూర్చుండెను. "నీవు స్నానము చేయవా?" అని వచ్చీరాని హిందీలో అడిగితిని. సామాను ఎవరో ఒకరు చూచుకొనవలెను గదా యనెను. "నేను చూచుకొందును, నీవు పోయి రమ్ము" అని మూటల చెంత కూర్చుంటిని. చలిగాలిలో అట్లు కూర్చుండుటయే ఆనాటి నా యాత్ర యని తోచినది. వెంటనే, మరల "నా" యంటినే యని సిగ్గుపడితిని.

అతడు తడితలతో వణకుచు, నవ్వుచు వచ్చెను. ఉదయమునుండి "భాయీ" యని పిలుచుటయే గాని పేరడుగలేదు, అప్పుడడిగితిని. సాయంకాలము ఒప్పుకొన్నదానికంటె కొంత ఎక్కువ ఇచ్చితిని. దానిని దానమని చెప్పుకొనజాలను. ఉదయము బేరములో నేను తగ్గించిన మొత్తమే అది.