పరాయి భాష ముందు

మేమొక్కరమే టోక్యో డిస్నీసీకి పోదామనుకుంటున్నాం. 2001లో సముద్రం ఒడ్డున తెరిచిన వినోదాల పార్కు అది. ‘జపనీస్ ఒక్క ముక్క రాదు, ఎట్లా?’ అని మిత్రుల బెంగ.

మాకు నవ్వొస్తోంది. భాష రానిచోట పరాయివాళ్లం కావడంలో వింతేముంది? వచ్చినచోట కావడమే వింత. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, బడిలో తెలుగు. అయినా పేరు చెప్పగానే ‘తెలుగు బాగా మాట్లాడుతున్నారే!’ అంటారు. మెచ్చుకోలే, కానీ మీరు మావాళ్లు కాదనడం అందులోనే ఉంది. ఉత్తరాది ఉర్దూవాళ్లేమో మా దక్కనీ విని నవ్వుతారు. ఆ పార్కులో ‘అరేబియన్ కోస్ట్’ అనే భాగముంది. గుమ్మటాలు, సింద్‌బాద్ పడవ. ‘మీ దేశమే కదా!’ అన్నాడొకాయన. అరేబియా జపాన్ వాళ్లకెంత దూరమో మాకూ అంతే.

ఏర్పాట్లు చేసుకుంటున్నాం. వంటలో పంది మాంసం, సారా కలిశాయా అని జపనీస్‌లో రాయించిన చీటీ జేబులో పెట్టుకుంటాం. చూపిస్తాం, జవాబును నమ్ముతాం. మా హలాల్‌ని ముక్కూమొహం తెలియని మనిషి మాటకు అప్పజెప్పడమే అది.

ఇక్కడే ఒక ప్రశ్న మమ్మల్ని గుచ్చుతోంది. ఇటుక బట్టీకొచ్చిన ఒడియా కూలీ మా వీధి దుకాణంలో వేలు చూపి బియ్యమడిగితే, తూకం తగ్గించినవాళ్లలో మావాళ్లు లేరా? అక్కడ మేం కోరే నమ్మకాన్ని ఇక్కడ ఎవరికిచ్చాం? భాష రాకపోవడం తప్పు కాదు. రానివాడితో మనమెట్లా నడుచుకున్నామన్నదే లెక్క.