పేరు ఆఖరున పెట్టు బిడ్డా

ఎండిన కాడ మీది నల్లచుక్కలను ఫొటో తీసి పంపి, ‘తాతా, ఇదేం బూజు?’ అని అడిగావు. నీ వయసు పిల్లలు కోట్‌పల్లి ప్రాజెక్టుకు పడవలెక్కడానికి పోతుంటే నువ్వు ఒడ్డున కూర్చుని చచ్చిన కాడలు తిరగేస్తున్నావంటే నాకెంత సంబరమో! కానీ ఫొటో చూసి పేరు చెప్పను. నువ్వూ చెప్పకు.

ముందు అది ఏ మొక్కో తేల్చుకో. కణుపులుండి, కణుపుల మధ్య బోలుగా ఉంటే కిక్కిస. జమ్ముకైతే అట్లాంటి కణుపులు కనబడవు. ఈ బూజుల్లో చాలావాటికి మొక్కల ఎంపిక ఉంటుంది. బూజుల మీద పనిచేసిన ఎల్లిస్ దంపతులు 1985లో తెచ్చిన గుర్తింపు పుస్తకాన్ని మొక్కల వారీగానే అమర్చారు. మొక్కను తప్పుగా గుర్తిస్తే తప్పు పేజీలోనే వెతుకుతావు. చుక్కలు నీటికి ఎంత ఎత్తున ఉన్నాయో కూడా రాసుకో. బెల్జియంలో షెల్ట్ నది కిక్కిసల మీద పనిచేసినవాళ్లు కాడ అడుగున ఒక రకం, పైన మరో రకం ఉండటం చూశారు.

ఇక చుక్క దగ్గరికి రా. పదింతలు పెద్దగా చూపే భూతద్దం చాలు. చుక్క పైకి పొడుచుకొచ్చిందా, లేక పొర కింద దాగి నోరు మాత్రం బయట పెట్టిందా? కొత్త బ్లేడుతో నిలువుగా పలచని పొర కోసి, మామూలు నీటి చుక్కలో పెట్టు. రంగులూ మందులూ తర్వాత. సిద్ధబీజం, అంటే బూజుకు విత్తనం లాంటిది, దాని లోపలి నూనె బొట్లు, చుట్టూ ఉండే జిగురు పొర బతికున్నప్పుడే బాగా కనిపిస్తాయి. పొడుగాటి సంచిలో ఎనిమిదేసి బీజాలుంటే ఒక దారి. సంచి లేకుండా చుక్క లోపలి గోడ మీద సన్నని కాడల కొసన పుడుతుంటే వేరే దారి. ఒక్కోసారి ఆ రెండూ ఒకే బూజు రూపాలు, ఒకే కాడ మీద పక్కపక్కనే ఉంటాయి. తొందరపడితే ఇక్కడే దెబ్బ తింటావు. కనీసం ఇరవై బీజాలు కొలువు, వాటి లోపలి అడ్డుగోడలు లెక్కపెట్టు.

ఈ ఓపిక మన చేలకూ పనికొస్తుంది బిడ్డా. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ఆ కందిని చంపే ఎండు తెగులు బూజుకు ఫ్యుజేరియం ఉడం అని 1910లో బట్లర్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. అది పైకి చుక్కలుగా కనబడదు. కాండం చీలిస్తే లోపల నల్లని చారలుంటాయి. వేరు బెరడు ఒలిస్తే మిరియాల పొడి చల్లినట్టు నల్ల నలుసులుంటే అది వేరే తెగులు, ఎండు వేరుకుళ్లు. దూరం నుంచి చూస్తే ఈ రెండు తెగుళ్లు పట్టిన చేలూ ఒకే తీరుగా వాడిపోతాయి. రైతు వచ్చే ఏడు ఏ విత్తనం వేయాలో తేల్చుకోవడానికి నువ్వు చెప్పే పేరే ఆధారం.

వానలు తగ్గాక కాగ్నా నది ఒడ్డున కూడా చూడు. కాడలను నీడలో ఆరబెట్టి కాగితం పొట్లంలో కట్టు, పాలిథిన్ కవర్లో వద్దు, వేరే బూజు పడుతుంది. పొట్లం మీద తేదీ, ఊరు, మొక్క పేరు, నీటికి ఎత్తు రాసి నాకు పంపు. బూజు పేరు రాసే గడి ఖాళీగా వదిలెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.