చట్టమెరిగిన కుటుంబం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుండి భిలాయికి వలస వచ్చి, ఒక ప్రైవేటు అనుబంధ కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేస్తున్న వ్యక్తి ఇంటిని ఊహించవచ్చు. భార్య గృహిణి, తల్లిదండ్రులకు ఆమె ఒక్కతే సంతానం. తండ్రి గతించిన పిమ్మట అరవై రెండేళ్ల తల్లి కూతురింటికి చేరినది. అల్లుని జీతంలో నుండి నెలనెలా కార్మిక రాజ్య బీమా చందా మినహాయిస్తున్నారు. ఉద్దానాన్ని పీడిస్తున్న మూత్రపిండాల వ్యాధి ఆ వృద్ధురాలిలోనూ బయటపడినది. ఆసుపత్రి కిటికీ వద్ద గుమాస్తా అడిగిన మొదటి ప్రశ్న వ్యాధిని గురించి కాదు: "ఈమె మీకేమవుతారు?" "అత్తగారు" అన్న సమాధానంతో దరఖాస్తు వెనుకకు వచ్చినది.

గుమాస్తాను తప్పుపట్టడానికి వీలులేదు. 1948 నాటి రాజ్య బీమా చట్టం, దాని సవరణలు కుటుంబమంటే ఎవరో పేరుపేరునా చెప్పినవి: జీవిత భాగస్వామి, మైనరు పిల్లలు, అవివాహిత కుమార్తె, ఆదాయం లేక ఆధారపడిన తల్లిదండ్రులు మొదలైనవారు. చందాలతో నడిచే ఏ నిధికైనా ఎల్లలు తప్పవు. ఎల్ల ఎందుకు గీశారన్నది కాదు, ఎవరి ఇంటిని చూచి గీశారన్నదే ప్రశ్న.

భిలాయి నగరం కూడ ఒక విధమైన కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకొని వెలసినదే. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరినది; 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. సెక్టార్లు, క్వార్టర్లు, పాఠశాలలు, సెక్టార్ 9లో పెద్ద ఆసుపత్రి - సంక్షేమ రాజ్యం ఒక పట్టణ రూపం ధరించినట్లుండేది. అయితే అక్కడ హక్కు ఉద్యోగిని ఆశ్రయించి ఉండేది. తక్కినవారికి అది బంధుత్వం ద్వారా మాత్రమే సంక్రమించేది.

ఆ నగరం రూపుదిద్దుకొంటున్న రోజులలోనే, 1956లో, హిందూ దత్తత, పోషణ చట్టం వచ్చినది. పోషణ అనే మాటకు అన్నవస్త్రాలు, నివాసంతో పాటు వైద్యాన్ని కూడ చేర్చి, నిస్సహాయులైన తల్లిదండ్రుల భారాన్ని కుమారునితో సమానంగా కుమార్తెపైనా ఉంచినది. 1987లో సుప్రీంకోర్టు, అప్పటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 125వ సెక్షనును వ్యాఖ్యానిస్తూ, వివాహిత అయిన కుమార్తె కూడ తల్లిదండ్రులను పోషించవలసినదేనని తీర్పు చెప్పినది. కాని భర్త ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆమెకు స్వంత ఆదాయం ఉండాలని నియమం పెట్టినది. నియమం న్యాయమైనదే. అయితే ఆ ఫిట్టరు భార్యకు స్వంత ఆదాయం లేదు. ఆదాయమున్న అల్లునికి చట్టరీత్యా బాధ్యత లేదు; అతని బీమాలో అత్తగారికి చోటూ లేదు. బాధ్యతను విధించే చట్టానికి ఒక కుటుంబం, ప్రయోజనాన్ని పంచే చట్టానికి మరొక కుటుంబం. ఆ రెంటి నడుమ మిగిలిపోయినది వృద్ధురాలు.

తెలుగువారికి ఈ చిక్కు కొత్తది కాదు. మగసంతానం లేని ఇంట అల్లుని ఇల్లరికం తెచ్చుకొనే ఆచారాన్ని రెడ్డి, కమ్మ కులాలకు సంబంధించి మద్రాసు న్యాయస్థానాలు గుర్తించినవి. ఇల్లరికపుటల్లునికి కొడుకు పాలు దక్కేది, కొడుకు చాకిరీ మీద పడేది. దానిని ఆదర్శమనడం పొరపాటు. ఆస్తి ఉన్న ఇంటికే అది చెల్లినది. కాని హక్కు, బాధ్యత ఒకే మనిషి వద్ద ఉండాలన్న ఇంగితం అందులో ఉన్నది. ఆ ఇంగితం 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లులో కొరవడినది. వృద్ధుల పోషణ బాధ్యతలోకి అల్లుని, కోడలిని కూడ తేవాలని ప్రతిపాదించిన ఆ బిల్లు చట్టం కాలేదు. అయి ఉంటే ఫిట్టరుకు బాధ్యత సంక్రమించేది. బీమా జాబితా మాత్రం మారేది కాదు.

2020 నాటి సామాజిక భద్రతా కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చినది. అందులో మహిళా ఉద్యోగి అత్తమామలను కూడ ఆమెపై ఆధారపడిన తల్లిదండ్రులతో పాటు చేర్చారు. సంతోషింపదగిన మార్పే. పురుషుని అత్తమామల ఊసు లేదు. కోడలు అత్తను చూచుకోవడం లోకరీతి, అల్లుడు చూచుకోవడం ఔదార్యం అన్న పాత తలపు కొత్త కోడులోనూ చెక్కుచెదరలేదు.

చందాదారులను దాటితే నిధి నిలువదన్న వాదం బలమైనదే. అయినా భిలాయికి ఇనుప ఖనిజమందించే దల్లీ రాజహరాలో గని కార్మికుల సంఘం 1983లో తన శ్రమతో, చందాలతో నెలకొల్పిన షహీద్ ఆసుపత్రి సంఘ సభ్యులకే పరిమితం కాలేదు. 1996లో సుప్రీంకోర్టు కూడ, రైలు నుండి జారిపడి ప్రభుత్వాసుపత్రులు చేర్చుకొనక తిరిగిన ఒక వ్యవసాయ కార్మికుని కేసులో, అత్యవసర వైద్యం సంక్షేమ రాజ్యపు విధి అన్నది. అతడు ఎవరికేమవుతాడని అడుగలేదు. కాని మూత్రపిండాల జబ్బు రైలు ప్రమాదం వంటిది కాదు. అది ఏళ్ల తరబడి సాగుతుంది.

డెబ్బయ్యేళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024లో ఆయుష్మాన్ భారత్ వర్తింపజేశారు. ఆమెకు ఇంకా ఎనిమిదేళ్లున్నవి. ఆమె పేరున్న తెల్ల రేషను కార్డు శ్రీకాకుళంలో ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, తరువాత పేరు మారిన పథకం కింద అక్కడ ఉచితంగా డయాలిసిస్ దొరుకుతుంది. 2023లో పలాసలో మూత్రపిండాల ఆసుపత్రి కూడ వెలసినది. అక్కడికి వారానికి రెండుమూడుసార్లు ఆమెను చేయిపట్టి తీసుకొని వెళ్లవలసిన కూతురు భిలాయిలో ఉన్నది.