రిక్తహస్తములతో మరలిన అన్వేషకులు

శ్రీమద్రామాయణ పారాయణము జరుగు గృహములలో సుందరకాండమునకు గల ఆదరము కిష్కింధాకాండమునకు లేదు. సీతామాత జాడ దొరకినది సుందరకాండమున గనుక అది సహజమే. కాని దొరకుటకు ముందు వెదకుట యనునది యొకటి కలదు. ఆ తల్లిని వెదకుటకై నాలుగు దిక్కులకు నాలుగు బృందములు బయలుదేరెను. జాడ కనుగొన్నది ఒక్క బృందము. తక్కిన మూడు బృందముల మాట యేమి?

తూర్పునకు వినతుడు, పడమటికి తార తండ్రియగు సుషేణుడు, ఉత్తరమునకు శతబలి వెడలిరి. దక్షిణమునకు అంగదునితో హనుమ, జాంబవంతుడు, నీలుడు మున్నగువారు వెడలిరి. గడువు ఒక్క మాసము. పంపుటకు ముందు సుగ్రీవుడు ఆయా దిక్కులనున్న పర్వతములను, నదులను, జనపదములను పేరుపేరున చెప్పెను. ఈ సర్గలను భూగోళ వర్ణనమని త్వరత్వరగా దాటిపోవు పారాయణపరులు కలరు. అది ఉచితము కాదు. వెదకబోవువానికి వెదకవలసిన తావు తెలియవలెను గదా! ఇద్దరు ఒకే లోయను వెదకి, మరియొక లోయను ఎవరును చూడకపోయినచో తప్పిపోయినవారి గతి యేమి?

వానరులు పగటివేళ విడివిడిగా వెదకి, రాత్రివేళ పండ్లచెట్లున్న చోట నొకచోట చేరి శయనించెడివారని వాల్మీకి చెప్పుచున్నాడు. వెదకబోయినవాడే తప్పిపోరాదని ఆ కట్టుబాటు. దక్షిణ దిశకు పోయినవారు దప్పికతో అలమటించుచు, ఒక బిలము నుండి తడిసిన రెక్కలతో వెలువడు పక్షులను చూచి, లోపల నీరున్నదని ఊహించిరి. ఆ కటిక చీకటిలో ఒకరినొకరు పట్టుకొని నడచిరి. నేడు కొండలలో తప్పిపోయినవారిని వెదకువారు చేయునదియు ఇదియే. విరిగిన కొమ్మను, జారిన అడుగుజాడను చదువుదురు. ఒకే త్రాటికి కట్టుకొని దిగుదురు. చీకటి పడులోపల ఎవరెవరు మరలివచ్చిరో లెక్క చూచుకొందురు.

మహారాష్ట్రమున సహ్యాద్రి ప్రాంతమునందు ఇట్టి సేవ చేయు స్వచ్ఛంద బృందములు కలవు. వారు జీతగాండ్రు కారు. ఉద్యోగములును వ్యాపారములును చేసికొనుచు, సెలవుదినములలో పాత కోటల నెక్కు అలవాటు గలవారు. కొండదారు లెరిగినవారగుటచే, ఎవరైన లోయలో జారిపడినపుడు, పొగమంచులో దారి తప్పినపుడు వారికి పిలుపు వచ్చును.

2023 జులై 19వ తేదీ రాత్రి, రాయగఢ్ జిల్లాలో ఇర్శాల్‌గడ్ కోట క్రిందనున్న ఇర్శాల్‌వాడి యను ఆదివాసుల పల్లెపై కొండచరియ విరిగిపడెను. పల్లెకు బండిదారి లేదు. కుండపోత వానలో, బురదలో, నిట్టనిలువు కాలిదారిన ఎక్కవలెను. పెద్ద యంత్రములు పోలేని చోటు గనుక పారలతోను చేతులతోను మట్టిని తీయవలసి వచ్చెను. ప్రభుత్వ సహాయదళములతో పాటు ఈ కొండలెక్కు యువకులును శ్రమించిరి. సాయమునకై కొండ నెక్కుచున్న అగ్నిమాపక దళ ఉద్యోగి యొకడు గుండె ఆగి దారిలోనే మరణించెను. 27 మృతదేహములు లభించినవి. మరి 57 మంది జాడ తెలియలేదు. 23వ తేదీన వెదకుట నిలిపివేసిరి.

కడపటి దినమున పార దించి కొండ దిగిన యువకుని మనస్సులో ఏ ప్రశ్న మెదలునో ఊహించుట కష్టము కాదు. ఇంత శ్రమపడి ఏమి సాధించితిమి? రామకథలో ఈ ప్రశ్నకు తావు కలదు. నెల నిండగానే వినతుడు, శతబలి, సుషేణుడు ప్రస్రవణగిరికి మరలివచ్చిరి. అచట శ్రీరామునితో కూర్చుండియున్న సుగ్రీవునకు నమస్కరించి, పర్వతములు, వనములు, గుహలు, నదులు అన్నియు వెదకితిమి, కానరాలేదని విన్నవించిరి. సాకులు చెప్పలేదు. పైగా, సీతాదేవిని గొనిపోయిన దిక్కునకే హనుమ వెడలినాడు గనుక అతడు తప్పక తెలిసికొనునని వారే పలికిరి. తమకు దొరకనిది మరియొకనికి దొరకవలెనని కోరుకొనుట సామాన్యమైన మనస్సు కాదు. సుగ్రీవుడు వారిని నిందించినట్లు వాల్మీకి చెప్పలేదు. నిందింప నేమి కలదు? మూడు దిక్కులలో లేదని తేలినది. ఇక ఆశ యంతయు దక్షిణముననే నిలిచినది. నేటి అన్వేషకులును వెదకిన భాగమును పటముపై గుర్తించి, అచట లేరని తెలిసినచో మిగిలిన భాగములపై దృష్టి పెంచుదురు.

శ్రీవైష్ణవ గృహములలో ఏ కర్మ చేసినను ముందును వెనుకను సాత్త్విక త్యాగము చెప్పు ఆచారము కలదు. చేయించువాడు స్వామి, ఫలము స్వామిదే. కోవెలలో పూలమాల సమర్పించునపుడు ఆ మాట చెప్పుట సులభము. నాలుగు దినములు మట్టి త్రవ్వి, వట్టి చేతులతో దిగివచ్చునపుడు చెప్పుట కష్టము. ఆ కష్టముననే దాని అర్థము తెలియును.

ఇంటివద్ద ఎదురుచూచువారి దుఃఖము మరియొక తీరు. 2013 జూన్ మాసమున కేదార ప్రాంతమున వచ్చిన వరదలలో తెలుగు యాత్రికులును కొందరు కనబడకుండ పోయిరి. తరువాతి సంవత్సరములలో గూడ అచటి కొండదారులపై అస్థికలు లభించినవి. ఇట్టి గృహముల బాధ ధర్మశాస్త్రకారులు ఎరుగనిది కాదు. మరణము నిశ్చయమై శరీరము లభింపనిచో పలాశపర్ణములతో ప్రతికృతి నొనర్చి సంస్కరింపుమనిరి. జాడయే తెలియనిచో 12 సంవత్సరములు వేచియుండుమనిరి. నేటి చట్టము 7 సంవత్సరములు చాలుననుచున్నది. ఏ లెక్క ననుసరించినను, ఎవరో కొండ నెక్కి తమవాని కొరకు వెదకిరను మాట ఆ ఇంటివారికి ఎంతో ఊరట. ఎవరును వెదకలేదని తెలిసినచో ఆ దుఃఖమునకు అంతుండదు.

ఆ మూడు బృందముల నాయకులు తరువాత ఏమైరి? వినతుడు, శతబలి లంకపై దండెత్తిన సేనలో యూథపతులైరి. యుద్ధమున రావణుని శక్తిచే లక్ష్మణుడు నేలకొరిగినపుడు శ్రీరాముడు దుఃఖించుచుండగా, ముఖకాంతి చెడలేదు, ప్రాణమున్నదని చెప్పినవాడు సుషేణుడే. ఏ పర్వతమున, ఏ శిఖరమున, ఏ ఓషధి గలదో హనుమకు చెప్పి పంపినవాడును అతడే. హనుమ శిఖరమును పెకలించి తెచ్చెను. సుషేణుడు ఓషధిని కోసి, నలిపి, లక్ష్మణుని నాసికకు పట్టెను. లక్ష్మణుడు లేచి కూర్చుండెను.