చివరి స్తంభం దగ్గర మొదలుపెట్టు, బిడ్డా

బిడ్డా,

నువ్వు సర్పంచ్‌గా గెలిచావన్న కబురు విన్నప్పటి నుంచి నీతో నాలుగు మాటలు చెప్పాలని ఉంది. ఊరేగింపులు, శాలువాలు, దావత్‌లు అన్నీ సద్దుమణిగాక అయితే నిమ్మళంగా వింటావని ఇన్నాళ్లు ఆగాను.

నేను రాజకీయం చేసినవాణ్ని కాదు. కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేరి, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ని. మొన్న ఫోనులో నువ్వు "పెద్దనాన్నా, మన ఊరిని కూడా కొండారెడ్డిపల్లి లాగా సోలార్ ఊరు చేస్తా" అన్నప్పుడు నాకు కడుపు నిండినట్టయింది. ఆ రాత్రి పడుకున్నాక మాత్రం కొంచెం దిగులు పట్టుకుంది. ఎందుకో చెబుతా.

కొండారెడ్డిపల్లి ముఖ్యమంత్రి సొంతూరు. అక్కడ ప్రభుత్వమే పూనుకుని వందలాది ఇళ్ల మీద ఇంటికి 3 కిలోవాట్ల చొప్పున సోలార్ ప్లేట్లు పెట్టించింది. మనకు అంత అండ దొరకదు. మన దాకా వచ్చేది దేశమంతటికీ ఉన్న పీఎం సూర్యఘర్ పథకమే. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన ఎంతైనా 78,000 రూపాయలు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. మంచి పథకమే. కాకపోతే ఆ డబ్బు మన ఊళ్లో ఎవరి కప్పు మీదికి చేరుతుందో ఒక్కసారి ఆలోచించు.

కిలోవాటుకు దాదాపు 100 చదరపు అడుగుల స్లాబు కావాలి, అదీ చెట్టు నీడ, గోడ నీడ పడనిది. తన పేరున మీటరు ఉండాలి. సబ్సిడీ తర్వాత ఎప్పుడో ఖాతాలో పడుతుంది, ముందు మొత్తం పెట్టుకునే స్తోమతో, బ్యాంకులో అప్పు పుట్టే పరపతో ఉండాలి. అన్నిటికీ మించి, తగ్గించుకోవడానికి నెలనెలా ఒక బిల్లంటూ రావాలి. రేకుల ఇంట్లో రెండు బల్బులు, ఒక ఫ్యానుతో బతికే మన లచ్చవ్వ లాంటివాళ్లకు గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లే. ఆమె ప్లేట్లు ఎందుకు పెట్టిస్తుంది, ఎక్కడ పెట్టిస్తుంది? పక్కన ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీల ఇళ్లకు 2 కిలోవాట్ల దాకా ఉచితంగానే పెట్టిస్తామని ప్రభుత్వం ముందుకొచ్చింది, ఈ చిక్కు గమనించే అనుకుంటా. మన దగ్గర నువ్వు ఊరికే డప్పు వేయించి "దరఖాస్తులు పెట్టుకోండి" అంటే, వచ్చి నిలబడేది పై వీధివాళ్లే.

వాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు పెట్టించుకుంటే కాల్చే బొగ్గు అంత తగ్గుతుంది, సంతోషమే. అయితే అది పంచాయతీ లేకపోయినా జరిగిపోయే పని. అడగడం చేతకానివాళ్ల తరఫున అడగడానికి సర్పంచ్ కావాలి.

ఏదో ఒక సాయంత్రం ఏడింటికి ఎస్సీ కాలనీలోకి పోయి నిలబడి చూడు. మన ట్రాన్స్‌ఫార్మర్ బస్టాండు దగ్గర ఉంది. అక్కడి నుంచి లైను పై వీధి మీదుగా, బడి పక్కనుంచి, వాగు దాటి కాలనీకి పోతుంది. కాలువ చివరి మడికి నీళ్లందనట్టే చివరి స్తంభానికి వోల్టేజీ అందదు. ఆ వేళకు అందరూ కూలికి పోయి వచ్చి స్విచ్చులు వేస్తారు. ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటి విడివిడిగా కనబడతాయి. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో స్టెబిలైజరు టకటక కొట్టుకుంటుంటుంది. పిల్లలు బల్బు కిందికి పుస్తకం జరుపుకుంటారు. రికార్డులో మాత్రం కాలనీకి ఇరవైనాలుగు గంటల కరెంటు ఉన్నట్టే.

సోలార్ కంపెనీవాళ్లు చెప్పని ఒక ముచ్చట చెబుతా, గుర్తుపెట్టుకో. ఇంటి మీద పెట్టే మామూలు సోలార్ మన లైనుతో కలిసే నడుస్తుంది. లైనులో కరెంటు పోతే, నడినెత్తిన ఎండ కాస్తున్నా ఇన్వర్టర్ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణం కాపాడటానికి అట్లా చేశారు, అది సరైనదే. వోల్టేజీ హద్దు దాటి కిందికి పడినా, పైకి పోయినా కూడా ఆగిపోతుంది. అంటే ఈ లైను ఇట్లాగే ఉంటే, రేపు ఎవరైనా దయతలచి కాలనీలో ఉచితంగా ప్లేట్లు పెట్టినా అవి నమ్మకంగా నడవవు. కనుక నీ సోలార్ ఊరికి మొదటి పని కాలనీకి వేరే ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకోవడం. ఒక్కో స్తంభానికి ఎన్ని సర్వీసులున్నాయో రాయించు. రాత్రిపూట వోల్టేజీ ఎంత వస్తుందో వారం రోజులు కొలిపించు, తేదీ, వేళ రాయించు. గ్రామ సభలో తీర్మానం చేసి ఆ కాగితాలన్నీ జతచేసి కరెంటు ఆఫీసు ఏఈకి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. నోటిమాట "చూద్దాం లే" దగ్గరే ఆగిపోతుంది. తీర్మానానికి జవాబు రాయక తప్పదు. బల్లకు ఆ పక్కన కూర్చున్నవాణ్ని గనుక నాకు తెలుసు.

"కరెంటు సంగతి పంచాయతీకెందుకు" అని ఎవరైనా అంటే రాజ్యాంగం చూపించు. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దానితో చేరిన పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ పనులు 29 రాశారు. గ్రామీణ విద్యుదీకరణ అందులో ఉంది, సంప్రదాయేతర ఇంధన వనరులూ ఉన్నాయి. రాష్ట్రాలు ఆ అధికారాలను పూర్తిగా చేతికివ్వలేదన్నది నిజమే. ఇచ్చినంతలోనే చేసి చూపినవాళ్లూ ఉన్నారు.

తమిళనాడులో కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం దగ్గర ఓడంతురై అనే పంచాయతీ ఉంది. షణ్ముగం అనే ఆయన అక్కడ పదేళ్లు అధ్యక్షుడిగా చేశాడు. వీధి దీపాలకు, నీళ్ల మోటార్లకు బిల్లు పెరిగిపోతుంటే ముందు ఆ బిల్లు ముందరేసుకుని కూర్చున్నాడు. తర్వాత 2006లో పంచాయతీ తన సొంత పొదుపు కొంత, బ్యాంకు అప్పు కొంత కలిపి, 1.55 కోట్ల రూపాయలతో 350 కిలోవాట్ల గాలిమర కొన్నది. ఊరి అవసరం పోను మిగిలిన కరెంటు బోర్డుకు అమ్మి అప్పు తీర్చుకుంది. కేరళలో పాలక్కాడ్ జిల్లా పంచాయతీ మీన్‌వల్లం దగ్గర 3 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రమే నడుపుతోంది. నిన్ను గాలిమర కొనమనడం లేదు. షణ్ముగం మొదలుపెట్టిన చోట, ఆ బిల్లుల దగ్గరే నువ్వూ మొదలుపెట్టమంటున్నా.

పంచాయతీ కరెంటు బిల్లులన్నీ తెప్పించి నువ్వే చదువు. నీ ఇంటాయన, మా అల్లుడు, మంచివాడే, నాకూ ఇష్టమే, అయినా ఫైలు నీ చేతిలోనే ఉండాలి, సంతకం చదివాకే పడాలి. చూస్తే తెలుస్తుంది, ఎండిపోయిన బోరు మీటరుకు ఇంకా బిల్లు వస్తుంటుంది. దీపాలను విడిగా ఆర్పడానికి వేసే థర్డ్ వైరు లేని వీధుల్లో దీపాలు పట్టపగలు వెలుగుతుంటాయి. ముందు ఆ దండగ ఆపు. ఆ తర్వాత బడి స్లాబు మీద, పంచాయతీ ఆఫీసు మీద ప్లేట్లు పెట్టించు. మన పాలమూరు ఎండకు కిలోవాటుకు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. నెట్ మీటరు ఉంటే, ఎండాకాలం సెలవుల్లో బడి వాడుకోని కరెంటు కూడా లైనులోకి పోయి లెక్కలో జమవుతుంది. బిల్లులో మిగిలిన డబ్బు ఏ వీధికి ఖర్చు పెడతారో ముందే తీర్మానంలో రాయించు. రాయకపోతే అది మళ్లీ బస్టాండు దగ్గరి హైమాస్ట్ దీపానికే పోతుంది.

బడికి పోయినప్పుడు వెనక వంట షెడ్డులోకి కూడా తొంగిచూడు. మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లు తడి కట్టెలు ఊదుతూ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉంటారు. ప్లేట్లు పైన మెరుస్తుంటే కింద ఆ పొగ ఉండటం నీకు నచ్చదని నాకు తెలుసు.

భూమి విషయంలో మాత్రం జాగ్రత్త, బిడ్డా. ఇది అన్నిటికంటే పెద్ద సంగతి. కర్ణాటకలో అనంతపురం సరిహద్దున పావగడ ఉంది, తెలుగు మాట్లాడేవాళ్లు మస్తుగా ఉన్న తాలూకా. కరువు నేల. అక్కడ దాదాపు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు పెట్టారు. భూములు కొనకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు మొదలుపెట్టి, రెండేళ్లకోసారి పెంచుతూ ఇస్తున్నారు. భూమి ఉన్నవాళ్లకు అది పెద్ద ఊరటే. ఆ చేలల్లో కలుపు తీసి, కాయ ఏరి బతికినవాళ్లకు కౌలు ఎవరిస్తారు? గొర్రెలు మేపుకునేవాళ్లకు దారి ఏది? మన ఊరికీ ఎవరో ఒకరు గైరాన్ భూమి, అదే మేత భూమి, అడుగుతూ వస్తారు. మహిళా సంఘాల చేత సోలార్ ప్లాంట్లు పెట్టించాలని మన ప్రభుత్వమూ అంటోంది, మెగావాటుకు నాలుగెకరాల దాకా కావాలి. మన సంఘం ఆడవాళ్లు పెడతామంటే నేనే ముందు నిలబడతా. అయినా ఆ నేలలో ఎవరి మందలు మేస్తున్నాయో, ఎవరు కట్టె ఏరుకుంటున్నారో అడక్కుండా సంతకం చేయకు. చేయాల్సి వస్తే ప్లేట్లు కడిగే పని, కాపలా పని, రిపేరు పని ఆ ఇళ్లవాళ్లకేనని ఒప్పందంలో రాయించు. కాలనీలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివి ఖాళీగా ఉన్న పిల్లలున్నారు, వాళ్లలో అమ్మాయిలను మర్చిపోకు.

ఇవన్నీ గ్రామ సభలోనే తేలాలి. మన చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాల్సిందే. పొద్దున పదకొండింటికి పంచాయతీ ఆఫీసు ముందు పెడితే కూలివాళ్లు రారు. పొద్దుగూకాక కాలనీలోనే పెట్టు. వీధిదీపాల స్థాయీ సంఘంలో ఆ వాడ ఆడవాళ్లుండేలా చూడు. పై వీధి పెద్దలు నొచ్చుకుంటారు, పిలిస్తే వస్తారు కూడా. వాళ్ల ఇళ్లకు సబ్సిడీ దరఖాస్తులు నింపే పని కార్యదర్శికి అప్పజెప్పు, నీ సమయం దానికి పెట్టకు.

వచ్చే ఆదివారం నేను బస్సెక్కి వస్తున్నా. నా దగ్గర పాత వోల్టు మీటరుంది, తెస్తా. నువ్వు కాలనీ సర్వీసు నంబర్ల జాబితా తీయించి పెట్టు. లచ్చవ్వ ఇంటి ముందు స్తంభం నుంచి వెనక్కి నడుచుకుంటూ రాసుకుందాం.

నీ పెద్దనాన్న