మిద్దెతోటకు వేపగింజల కషాయం

1959లో సూడాన్ మీద మిడతల దండు పడింది. కనిపించిన పచ్చదనమంతా మేసింది, వేపచెట్లను మాత్రం ముట్టలేదు. జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిష్ ష్ముట్టరర్ అది కళ్లారా చూశారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వేప మీదే పరిశోధన చేశారు.

ఆ రహస్యం ఎక్కువగా గింజలోనే ఉంది. అందులోని అజాడిరాక్టిన్ పురుగును అక్కడికక్కడే చంపదు. ముందు తిండి మాన్పిస్తుంది, తర్వాత కుబుసం విడవనివ్వదు. కాబట్టి కషాయం కొట్టిన మర్నాడే ఫలితం కోసం వెతకడం తొందరపాటు.

మిద్దెతోటకు కావలసింది కొంచెమే. 50 గ్రాముల వేపగింజల పప్పును పొడిచేసి, పల్చటి గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున మూటను బాగా పిండి వడకట్టాలి. ఆకుకు అంటుకునేలా కాస్త సబ్బునీళ్లు కలపాలి. ఎండకు మందు విరిగిపోతుంది గనుక ఆ సాయంత్రమే, ఆకుల అడుగున కూడా తడిసేలా చల్లాలి. బెండ మీది పేనుబంక దాక్కునేది అక్కడే! ముందుగా ఒకటి రెండు ఆకుల మీద చల్లి, మాడలేదని చూసుకోవడం మంచిది.

ఇది పెరటికే పరిమితమైన వైద్యం కాదు. ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకుల రైతులు 2000 తర్వాతి తొలి ఏళ్లలో రసాయన పురుగుమందులు మానేశారు. పత్తిని వేప కషాయంతో, పచ్చిమిర్చి–వెల్లుల్లి ద్రావణంతో కాపాడుకున్నారు. మందుల అప్పుల్లో మునిగిన ఊరికి అది నిజంగా పెద్ద ఊరట.

చల్లేముందు ఆకుల మీద అక్షింతల పురుగులు ఉన్నాయేమో చూడాలి. ఉంటే ఆ మొక్కను రెండు రోజులు వదిలేయవచ్చు, పేనుబంకను అవే తింటాయి.