పంచుకున్నా తరగని పాపం

తన ఇష్టంతో పని లేకుండా సైన్యంలో చేర్చిన ఒక కుర్రవాడు యుద్ధంలో ఘోరం చేస్తే, ఆ పాపం ఎవరిది? పంపిన ప్రభుత్వానిదా, ఆజ్ఞ ఇచ్చిన అధికారిదా, తుపాకీ పేల్చిన కుర్రవాడిదా? ఈ ఉదయం ఒక నిజ సంఘటనను తలచుకుంటూ ఈ మాట ఆలోచిద్దాం.

వియత్నాం యుద్ధ కాలం, 1968 మార్చి 16. దక్షిణ వియత్నాంలోని సోన్ మీ గ్రామం. దాని శివారు పల్లెల్లో ఒకదాన్ని అమెరికా సైనికులు మై లై అని పిలిచేవారు. అక్కడ శత్రు పటాలం కాచుకుని ఉందని చార్లీ కంపెనీ అనే అమెరికా దళానికి చెప్పారు. అంతకు ముందు వారాల్లో మందుపాతరలకు తోటివాళ్ళను పోగొట్టుకుని ఆ సైనికులు కసి మీద ఉన్నారు. తీరా హెలికాప్టర్లు దిగి చూస్తే ఊళ్ళో ఉన్నది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. ఎదురుకాల్పులు లేవు. అయినా మధ్యాహ్నం లోపే వందల మందిని చంపేశారు. ఆ రోజు సోన్ మీలో ప్రాణాలు పోయిన 504 మంది పేర్లు అక్కడి స్మారకం మీద చెక్కి ఉన్నాయి.

ఆ కంపెనీలో పాల్ మెడ్లో అనే కుర్రవాడు ఉన్నాడు. ఇండియానా రాష్ట్రంలోని చిన్న పల్లె అతనిది. నిర్బంధ సైనిక సేవ చట్టం కింద వచ్చినవాడు. తన అధికారి లెఫ్టినెంట్ కాలీ ఆజ్ఞాపిస్తే, పోగు చేసి కూర్చోబెట్టిన జనం మీద కాల్పులు జరిపాడు. ఏడుస్తూనే కాల్చాడని తోటి సైనికులు తరువాత సాక్ష్యం చెప్పారు. మర్నాడే మందుపాతర పేలి అతని పాదం పోయింది. 1969 నవంబరులో టెలివిజన్ ముందుకు వచ్చి, పసిపిల్లలను కూడా చంపామని ఒప్పుకున్నాడు. మంచి పిల్లవాణ్ణి అప్పగిస్తే హంతకుణ్ణి చేశారని అతని తల్లి వాపోయింది.

ఆ తల్లి మాటలో నిజం ఉంది. డ్రాఫ్టుకు, అంటే ఆ నిర్బంధ సేవకు, లొంగనంటే అయిదేళ్ళ దాకా జైలు. వచ్చిన కుర్రవాడికి నేర్పేది మారు మాట్లాడకుండా ఆజ్ఞ పాటించడమే. ఇదంతా తలచుకుంటే అతని మీద జాలి కలుగుతుంది, కలగాలి కూడా. కానీ అతని కన్నీళ్ళు ఇంకో సంగతి కూడా చెబుతున్నాయి. తాను చేస్తున్నది తప్పని ఆ క్షణంలోనే అతనికి తెలుసు.

అదే చోట హ్యారీ స్టాన్లీ అనే సైనికుడు కాల్చనన్నాడు. రాబర్ట్ మేపుల్స్ తన మెషీన్‌గన్ పేల్చనన్నాడు. పైన ఎగురుతున్న పైలట్ హ్యూ థామ్సన్ తన హెలికాప్టర్‌ను పల్లెవాసులకూ సైనికులకూ మధ్య దించాడు. మనవాళ్ళు వీళ్ళ మీద కాల్పులు జరిపితే మీరు మనవాళ్ళను కాల్చండని తన సహచరులకు చెప్పి, బంకర్‌లో దాక్కున్నవాళ్ళను బయటకు తెచ్చి కాపాడాడు. రాన్ రైడెన్‌అవర్ కూడా డ్రాఫ్టులో వచ్చినవాడే. ఆ రోజు అక్కడ లేడు. స్నేహితుల నోట విన్నది కూడగట్టి 1969లో నాయకులకు ఉత్తరాలు రాశాడు. దాచిన ఘోరం అలా బయటపడింది.

పై అధికారి ఆజ్ఞ శిక్షను తగ్గించవచ్చు గానీ నేరాన్ని తుడిచివేయదని రెండో ప్రపంచ యుద్ధం తరువాత జరిగిన న్యూరెంబర్గ్ విచారణల నాడే ప్రపంచం ఒప్పుకుంది. కాదనే వీలు నిజంగా ఉందా అన్నదే అక్కడ కొలత. మై లైలో ఆ వీలు ఉందని కాదన్నవాళ్ళే చూపించారు.

బోయవాడు వాల్మీకి అయిన కథ మనందరం విన్నదే. తాను దోచి తెచ్చిన సొమ్ము తిన్న ఇంటివాళ్ళను, నా పాపంలో పాలు పంచుకుంటారా అని అడిగాడు. మాకేం సంబంధం అన్నారు వాళ్ళు. ఆ జవాబు బోయవాడి కళ్ళు తెరిపించింది. కానీ పౌరులుగా మనం ఆ ఇంటివాళ్ళలా తప్పుకోలేం. మై లై కేసులో శిక్ష పడింది ఒక్క కాలీకే. 1971లో యావజ్జీవం వేసి, 1974లో వదిలేశారు. చట్టం చేసి కుర్రవాళ్ళను పంపినవాళ్ళు, శత్రువెవరో రైతెవరో తేల్చకుండా ఊరి మీదికి తోలినవాళ్ళు, ఏడాదికి పైగా నిజాన్ని కప్పిపెట్టినవాళ్ళు తమ పాలు మోయలేదు. వాళ్ళు మోసి ఉంటే మెడ్లో పాలు తగ్గేదా అంటే, తగ్గేది కాదు. పాపం పంచుకుంటే తరిగేది కాదు. ప్రతి ఒక్కరిదీ పూర్తి పాలే.

అందుకే బలవంతాన సైనికుడైన కుర్రవాణ్ణి రాక్షసుడని దూరం పెట్టవద్దు, అమాయకుడని వదిలేయవద్దు. నువ్వు చేసింది తప్పు, నిన్ను అక్కడికి పంపడం మా తప్పు అని రెండూ చెప్పగలగాలి. మన పిల్లలకు పెద్దల మాట వినడం శ్రద్ధగా నేర్పుతున్నాం. ఏ మాట వినకూడదో, ఎప్పుడు కాదనాలో కూడా అంతే శ్రద్ధగా ఇంట్లోనూ బడిలోనూ నేర్పుదాం. ఆ చదువు యుద్ధం వచ్చాక మొదలుపెడితే అందదు.